గ్రీష్మాంతపు పెరడు – కొన్ని పనులు, కొంత చరిత్ర

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని మనవారి సామెత. కంటి ముందు నిత్యమూ కనిపించే వస్తువు విలువ మనకు తట్టదని దాని తాత్పర్యం. వైద్యం మాట ఎట్లున్నా, ఈ సామెత చరిత్రకు మరింత చక్కగా వర్తిస్తుందని నా అభిప్రాయం. మూడు దశాబ్దాలకు పైగా బడిలో తెలుగు పాఠాలు చెప్పాను. సాంఘికశాస్త్రం అయ్యవారు సెలవు పెట్టిన రోజున ఆ తరగతి కూడ నా మీదనే పడేది. ఆ పుస్తకాలలో రాజులుండేవారు, యుద్ధాలుండేవి, చెరువులు తవ్వించిన దాతలుండేవారు. ఇంటి వెనుక పెరడు మాత్రం ఏ పాఠంలోను కనిపించేది కాదు. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికి కూర పెట్టిన ఆ నాలుగు సెంట్ల నేలకు చరిత్ర లేదా? ఉన్నదని, అది చాల పురాతనమైనదని మనవి చేయడమే ఈ టపా ఉద్దేశం.

ఏడాదిలో పెరటి పనులు ఎక్కువగా ఉండేది వేసవి చివరి ఇరవై, ముప్పై దినాలలోనే. జ్యేష్ఠ మాసం, రోహిణి కార్తె. పాత పంట అయిపోయి ఉంటుంది, కొత్త విత్తు పడదు. చూడడానికి పెరడంతా ఎండి బోసిగా ఉంటుంది. పనులు మాత్రం తెమలవు. పాదులు తవ్వాలి, ఎరువు తోలాలి, పందిరి బాగుచేయాలి, విత్తనాలు దించి చూసుకోవాలి, వరుగులు ఎండబెట్టాలి, వానకు తడవకుండ వంటచెరకు దాచాలి. వీటిని ఒక్కొక్కటిగా పట్టుకొని వెనుకకు నడుద్దాము.

కార్తెల లెక్క

సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో సంచరించే పదమూడు, పదునాలుగు దినాల కాలాన్ని మనవారు కార్తె అన్నారు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలోను, మృగశిర జూన్ 7, 8 తేదీల ప్రాంతంలోను, ఆర్ద్ర జూన్ 21, 22 ప్రాంతంలోను ప్రవేశిస్తాయి. రోహిణిలో రోళ్ళు పగులుతాయని, మృగశిర కురిస్తే ముసలెద్దు కూడ రంకె వేస్తుందని, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని సామెతలు. మృగశిర ప్రవేశించిన నాడు చేపలు తినడం, ఇంగువ బెల్లం తినడం తెలంగాణ పల్లెలలో ఆచారం. పెరట్లో బీర, కాకర, పొట్ల గింజలు పెట్టడానికి కూడ ఈ కార్తెనే చూసుకొంటారు.

ఈ సామెతలు ఋషులనాటివని చాలమంది విశ్వాసం. ఇక్కడ కొంచెం లెక్క వేసి చూడాలి. కార్తెలు నక్షత్రాలను పట్టి నడుస్తాయి, ఋతువులు అయనాలను పట్టి నడుస్తాయి. అయనచలనం వలన ఈ రెంటికీ సుమారు డెబ్బదియొక్క ఏండ్లకు ఒక దినం చొప్పున ఎడం పెరుగుతూ వస్తున్నది. ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో, పూర్వశాస్త్రాలలో దక్షిణాయనం ఆశ్లేష నడుమ నుంచి మొదలవుతుందని చెప్పి ఉన్నదని, తన కాలంలో అది కర్కాటకాది నుంచి, అంటే పునర్వసు చివరి పాదం నుంచి మొదలవుతున్నదని స్పష్టంగా వ్రాశాడు. నేడో? సూర్యుడు దక్షిణానికి మళ్ళే జూన్ 21 ఇంచుమించు ఆర్ద్ర ప్రవేశంతో కలిసి వస్తున్నది.

దీనివలన తేలేదేమిటి? వరాహమిహిరుని కాలంలో మృగశిర కార్తె ఇప్పటికంటె సుమారు మూడు వారాలు ముందుగా, నేటి లెక్కలో మే మూడవ వారం ప్రాంతంలో, వచ్చి ఉండాలి. వానలు అప్పుడు కూడ ఇప్పటివలెనే జూన్ లో దిగి ఉంటే, మృగశిరను తొలకరితో ముడిపెట్టే సామెత ఆనాడు పొసగదు. అది గడచిన కొన్ని శతాబ్దాలలో, ఆకాశాన్ని, నేలను కలిపి చూసిన రైతులు కూర్చుకొన్న మాట అయి ఉండాలి. సామెత పాతదే కాని రాతిమీద చెక్కినది కాదు. మనవారు గుడ్డిగా పంచాంగం పట్టుకొని వేలాడినవారు కారు, చూసి దిద్దుకొన్నవారు. ఇది సామెతకు తక్కువతనం అని నేను అనుకోను, గౌరవమే.

కార్తె లెక్క ఆయా నేలకు కట్టుబడినది కూడ. అమెరికాలో టెక్సాస్ లో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోనులో, "మాస్టారూ, మృగశిరకు బీర పెట్టమని మా అమ్మ చెప్తోంది. ఇక్కడ అప్పటికే తీగ కాపుకు వచ్చేస్తుందండీ!" అని నవ్వాడు. "మీ అమ్మగారు చెప్పిన మాటలో కార్తెను వదిలిపెట్టి, కారణం పట్టుకో నాయనా. మంచు పోయి నేల వెచ్చబడ్డాక, నీటికి ఢోకా లేనప్పుడు గింజ పెట్టమని అర్థం" అన్నాను. అక్కడ అది ఏప్రిల్ లోనే కుదురుతుంది. ఇక్కడ మనకు వెచ్చదనానికి కొదవ లేదు, ఎదురుచూసేది నీటికోసం.

నీరు, పాదు

గ్రీష్మాంతంలో పెరటికి ప్రాణం బావి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సీతాధ్యక్షుని ప్రకరణమని ఒకటి ఉన్నది. వ్యవసాయంపై రాజు నియమించిన అధికారి చేయవలసిన పనుల పట్టిక అది. ఏ నేల దేనికి తగునో చెబుతూ, నురుగు కొట్టే ఏటి ఒడ్డు తీగకాయలకు మంచిదని, బావి పరిసరాలు కూరలకు, దుంపలకు తగినవని అందులో ఉన్నది. ఇప్పటికీ కృష్ణా గోదావరుల ఇసుక తిన్నెలమీద దోస, పుచ్చ వేసేవారు మొదటి మాటను, బావి గట్టున తోటకూర మడి, స్నానాల నీరు పారేచోట అరటి, చేమ, కంద నాటే ఇల్లాండ్రు రెండవ మాటను, ఆ గ్రంథం పేరు కూడ వినకుండానే పాటిస్తున్నారు. అసలు ఆ గ్రంథం పండితులకే చాలకాలం అందలేదు. మైసూరులో ఆర్. శామశాస్త్రిగారి చేతికి దాని తాళపత్ర ప్రతి చిక్కి, 1909లో అచ్చయిన తరువాతనే లోకానికి తెలిసింది. గ్రంథం కనబడకుండా పోయినా అందులోని పని కనబడకుండా పోలేదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

నీరు ఎప్పుడు పోయాలి అన్నదానికి వరాహమిహిరుని వృక్షాయుర్వేదాధ్యాయం చెప్పిన నియమం ఎంతో సులువైనది. నాటిన మొక్కలకు వేసవిలో ఉదయం, సాయంకాలం రెండు పూటలా, చలికాలంలో దినం విడిచి దినం, వానాకాలంలో నేల ఆరినప్పుడు మాత్రమే పోయాలి. చివరి మాట చూడండి. "వానాకాలం కదా, వాన చూసుకొంటుంది" అనలేదు. వాన ముఖం చాటేసిన రోజులను కూడ లెక్కలోనికి తీసుకొన్నాడు.

ఇక పాదు. వేసవి చివర చెట్టు చుట్టూ నేలను గుల్లచేసి, గట్టు కట్టి, ఎండుటాకులు పరచడం మన పద్ధతి. తొలివాన జోరుగా పడి పారిపోకుండ ఇంకాలంటే పాదు ముందుగానే సిద్ధంగా ఉండాలి. వాన పడ్డ తరువాత తవ్వితే బురద తప్ప ఫలితం ఉండదు. ఆకులు పరచడం వలన నేల చెమ్మ ఆవిరై పోదు, ఆ ఆకులే క్రమంగా కుళ్ళి ఎరువవుతాయి.

ఎరువు

పెంటదిబ్బను ఎత్తి నేలకు తోలడం, చెరువులు ఎండినప్పుడు అడుగున పేరుకొన్న ఒండ్రుమట్టి తెచ్చి పెరట్లో, పొలంలో వేయడం – రెండూ వేసవి పనులే. ఒండ్రు తీయడం వలన రెండు ప్రయోజనాలు: చెరువు లోతవుతుంది, నేల బలపడుతుంది. ఈ పని ఊరంతా కలిసి చేసుకొన్నన్నాళ్ళు చెరువులు నిలిచాయి. ఊరు మరచిన తరువాత పూడిక పేరుకుపోయింది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకొనేటట్లు ఏర్పాటు చేయడం ఈ పాత పనికి ప్రభుత్వం పట్టిన కొత్త గొడుగు.

పచ్చిరొట్ట ఎరువు కొత్త శాస్త్రమని మన వ్యవసాయ కరపత్రాలు చదివితే అనిపిస్తుంది. వరాహమిహిరుడు తోట వేయబోయే నేలలో ముందు నువ్వులు చల్లి, అవి పూతకు వచ్చినప్పుడు నలిపి నేలలోనే కలపాలని, అదే నేలకు చేయవలసిన మొదటి పని అని చెప్పాడు. పూతదశలోనే ఎందుకు? కాయ కట్టేదాకా ఉంచితే మొక్కలోని సారమంతా గింజలోనికి పోతుంది, కాడ ముదిరి త్వరగా కుళ్ళదు. ఈ మెలకువ పదిహేను వందల ఏండ్లనాడే తెలిసి ఉన్నది.

తరువాతి కాలపు సురపాలుని వృక్షాయుర్వేదంలో కుణపజలమనే ద్రవపు ఎరువు ప్రశంస ఉన్నది. ఎముకలు, మాంసం ఉడికించి, కొన్ని ధాన్యాలు, పాలు, నేయి వంటివి కలిపి పులియబెట్టేది. ఈ గ్రంథపు వ్రాతప్రతి ఇంగ్లండులో ఆక్స్ ఫర్డ్ లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండగా, 1996లో సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు నళినీ సాధలేగారి ఆంగ్లానువాదంతో ప్రకటించారు. మన ఊరి సంస్థ, మన ఊరి సంస్కృత విదుషి చేసిన పని ఇది. తెలుగువారిలో చాలమందికి ఈ సంగతి తెలియకపోవడం విచారకరం.

వరుగులు, వడియాలు, కొబ్బరి చిప్పలు

ఎండ వృథాగా పోనీయడం మన ఇల్లాండ్ర స్వభావం కాదు. వంకాయ, గోరుచిక్కుడు, కాకర తరిగి ఎండబెట్టి వరుగులు చేస్తారు. బూడిదగుమ్మడితో వడియాలు పెడతారు. చాపలు, పాత చీరెలు డాబాలమీదికి ఎక్కుతాయి. పిల్లలు కాకులను తోలుతూ సగం పచ్చివడియాలు తామే తినేస్తారు.

ఈ పనికి మన సాహిత్యంలో రాజసాక్ష్యమే ఉన్నది. 1509 నుంచి 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటి అతిథిసత్కారాన్ని ఋతువులవారీగా వర్ణించాడు. ముసురు పట్టిన రోజులలో ఆయన ఇంట వడ్డించినవాటిలో వడియాలు, వరుగులు ఉన్నాయి. వానలలో వంటచెరకు తడిసి పొగ చిమ్ముతుంది కనుక, భార్య కంటికి పొగ తగలకుండ ఎండిన కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి వండినదని కూడ చెప్పాడు. యుద్ధాలు చేసిన చక్రవర్తికి పొయ్యిముందు కూర్చున్న ఇల్లాలి కన్నులు గుర్తుకు రావడం నాకు ఎప్పుడు చదివినా అబ్బురమే. ఈ పద్యం తరగతిలో చెప్పినప్పుడు నేను పిల్లలను ఒక ప్రశ్న అడిగేవాడిని: "వానలో ఆ చిప్పలు పొడిగా ఎట్లా ఉన్నాయిరా?" జవాబు పద్యంలో లేదు. ఎవరో వేసవిలోనే ఏరి, ఎండబెట్టి, అటకమీద దాచి ఉండాలి. వానాకాలపు ఆతిథ్యం వెనుక వేసవి చివరి పెరటి పని దాగి ఉన్నది. చరిత్రలో చాల భాగం ఇట్లాగే పద్యానికి వెనుక ఉంటుంది.

మరొక విశేషం. రాయలు వర్ణించిన ఆ విందులలో మిరపకాయ లేదు. ఉండే అవకాశమూ తక్కువే. పోర్చుగీసువారు 1498లో మన పడమటి తీరానికి వచ్చారు, 1510లో గోవా పట్టుకొన్నారు. అమెరికా ఖండపు మొక్క అయిన మిరప వారి ఓడలలో ఆ శతాబ్దంలో మన దేశం చేరింది. అంతకు ముందు మనకు కారమంటే మిరియమే, మిరప అన్న పేరులో కూడ ఆ మిరియం నీడ కనిపిస్తుంది. గుంటూరు కారం లేని తెలుగు భోజనం ఊహించలేని మనము, శ్రీనాథుడు తన జీవితంలో ఒక్క మిరపకాయ కూడ కొరికి ఉండడని ఆలోచించము.

ఏది మనది?

ఈ మాట వచ్చినది కనుక పెరడంతా ఒకసారి కలయజూద్దాము. జామ, బొప్పాయి, సపోటా, అనాస, చిలగడదుంప, టమాటా – ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. దసరా తోరణాలకు లేనిదే గడవని బంతి మెక్సికో ప్రాంతపుది. ఎఱ్ఱగుమ్మడి కూడ ఆ ఖండపుదే. సంస్కృతంలో కూష్మాండమని పేర్కొన్నది బూడిదగుమ్మడి, అది ఆసియాదే. కాబట్టి సంక్రాంతి గొబ్బెమ్మ తలలో మనము తురిమే పసుపుపచ్చని గుమ్మడిపూవు అమెరికా నుంచి వచ్చిన అతిథి. బెండ, గోంగూరల పుట్టిల్లు ఆఫ్రికా అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. "ఆంధ్రమాత" అని మనము మురిసిపోయే గోంగూర సంగతి అది!

అయితే అంతా పరాయిదేనా? కాదు. వంగ, బీర, దోస ఈ దేశపు నేలలో పుట్టి పెరిగినవి. బళ్ళారి దగ్గరి సంగనకల్లు వంటి నవీనశిలాయుగపు స్థలాలలో జరిగిన తవ్వకాలలో ఉలవ, పెసర గింజలు మాడిన రూపంలో దొరికాయి. సుమారు నాలుగువేల ఏండ్లనాటి దక్షిణాపథపు రైతు తిన్న గింజలవి. మనము నేడు ఉలవచారుకోసం పొయ్యిమీద పెట్టేవి వాటి సంతతే.

"మన పూర్వుల పెరట్లో అన్నీ స్వదేశీ మొక్కలే ఉండేవి, ఈమధ్యనే చెడింది" అని కొందరు పెద్దలు సభలలో ఉపన్యసించగా విన్నాను. వారియందు గౌరవంతోనే విభేదిస్తున్నాను. నాలుగు వందల ఏండ్లుగా మన స్త్రీలు చేసిన గొప్ప పని, ఎక్కడినుంచో వచ్చిన గింజను తమ పాదులో పెట్టి, తమ కార్తెకు అలవాటు చేసి, తమ చట్టిలో వండి, తమ దేవునికి నైవేద్యం పెట్టి, దానిని తెలుగుదాన్ని చేయడం. పుట్టుకవలన కాదు, పెంపకంవలన అవి మనవైనాయి. భాషలో తత్సమ తద్భవాలకు, అన్యదేశ్యాలకు చోటిచ్చిన వ్యాకరణం చదువుకొన్నవాడిని నేను. పెరటి వ్యాకరణం కూడ అట్లాంటిదే.

దడికి నాటే సీమచింత కథ మరీ విచిత్రం. అది మెక్సికో ప్రాంతపు చెట్టు. దానికి తొలి శాస్త్రీయ నామం పెట్టినవాడు మాత్రం మన కోస్తాలో ఆ చెట్టును చూసిన విలియం రాక్స్ బర్గ్. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి, కంపెనీ తోటలో మిరియం, చెరకు, నీలిమందు వంటివాటిపై ప్రయోగాలు చేసిన వైద్యుడాయన. 1795 నుంచి వెలువడిన ఆయన "కోరమాండల్ తీరపు మొక్కలు" అన్న గ్రంథంలో మూడువందల చిత్రపటాలున్నాయి. చాల మొక్కలకు తెలుగు పేర్లు కూడ ఇచ్చాడు. ఆ పేర్లు ఆయనకు గాలిలోనుంచి రాలేదు, సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల జనం చెప్పినవే. ఆ జనం పెరళ్ళ జ్ఞానం లాటిను పేర్ల పక్కన నిలిచి, లండనులో అచ్చయింది.

కరువు మాట

రాక్స్ బర్గ్ సామర్లకోటలో ఉన్న రోజులలోనే, 1789 నుంచి 1792 వరకు, ఉత్తర సర్కారులను ఘోరమైన కరువు పీడించింది. అది కళ్ళారా చూసిన ఆయన, వాన తప్పినా ఎంతో కొంత ఆహారమిచ్చే కొబ్బరి, పనస, అరటి, తాటి వంటి చెట్లను విరివిగా పెంచాలని కంపెనీ అధికారులకు వ్రాశాడు. ఆ సలహా పెద్దగా అమలుకు వచ్చినట్లు కనిపించదు. నలుబదేండ్లకు, 1832–33లో, నందన నామ సంవత్సరపు గుంటూరు కరువు లక్షకు పైగా ప్రాణాలను బలిగొన్నది. తరువాత 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీరు వచ్చింది. ఆ నీరు అందని రాయలసీమను 1876–78 నాటి ధాత కరువు మరల కాల్చింది.

పెరడు ఉంటే ఈ కరువులు తప్పేవని నేను అనను. బావి ఎండితే పెరడూ ఎండుతుంది. కాని మామూలు ఏడాదిలో, పాతగింజలు గాదె అడుగంటి, కొత్తపంట ఇంకా నేలలో కూడ పడని జ్యేష్ఠ, ఆషాఢ మాసాలలో, పేద ఇంట కుండకింద మంట ఆరకుండ కాచినవి దడిమీది మునగ, బావిగట్టు తోటకూర, మట్టిలో దాగిన కంద, అటకమీది వరుగులు. మునగాకు ఆషాఢంలో తినాలన్న నియమం శాస్త్రం వలన పుట్టిందో, లేమి వలన పుట్టిందో చెప్పలేము కాని, రెండూ ఒకే కుండలో ఉడికాయి. గ్రీష్మాంతపు పెరటి పనులు కాలక్షేపం కావు. అవి మూడు నెలల తరువాతి ఆకలికి ముందుగా చెప్పిన సమాధానం.

పందిరి, విత్తనం

రోహిణిలో పందిరి చూసుకొంటారు. చెదపట్టిన గుంజలు మార్చి, వెదురుబద్దలు కట్టి, పైన కంప పరుస్తారు. మృగశిరలో పెట్టిన బీర, పొట్ల తీగలు వానలలో దానిమీదికి పాకుతాయి. పొట్లకాయ వంకర తిరగకుండ చివర చిన్న రాయి కడతారు. చిక్కుడు కూడ ఆషాఢంలోనే పెట్టినా, ఆకులు తప్ప పూత కనిపించదు. పగలు పొట్టివై, రాత్రులు పొడుగైతేనే అది పూస్తుంది. అందుకే చలికాలపు కూర అయింది. ఈ రహస్యం శాస్త్రగ్రంథాలు చెప్పకముందే, సంక్రాంతికి చిక్కుడుకాయ అని మన ఇండ్లలో లెక్క ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది విత్తనం. మా అమ్మమ్మగారి ఊరు కృష్ణా డెల్టాలోనిది. ఆమె పందిరికి కాచిన తొలి మేలైన బీరకాయను ఎవ్వరినీ తాకనిచ్చేది కాదు. అది తీగమీదనే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమన్న తరువాత కోసి, వంటయింటి దూలానికి కట్టేది. పొయ్యి పొగ తగిలే చోట పురుగు చేరదు. దోసగింజలను బూడిదలో కలిపేది, కొన్నిటిని పేడముద్దలో అద్ది గోడకు కొట్టేది. ఎండిన సొరబుర్ర ఆమెకు విత్తనాల పెట్టె. ఆమె అక్షరాలు నేర్చినది కాదు. కాని గట్టి గింజలకు పేడ పూయాలని, ధాన్యపు విత్తనాలను ఏడు రాత్రులు మంచులో తడిపి పగలు ఎండబెట్టాలని, చెరకు వంటి కాండపు ముక్కల కోతలకు తేనె, నేయి, పేడ పూయాలని చెప్పిన అర్థశాస్త్రపు మాటలను నేను పండిత పరీక్షకు చదువుతున్నప్పుడు, నా మనసుకు కౌటిల్యుడు కాదు, ఆమె కనిపించింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. అర్థశాస్త్రం రాజోద్యోగికి చెప్పినది, వృక్షాయుర్వేదం పెద్ద తోటల యజమానులకు చెప్పినది. ఇంటి పెరటి ఇల్లాలి మాట ఏ పాతగ్రంథంలోనైనా ఉన్నదా? ఉన్నది, కాని మనము వెదకని చోట ఉన్నది. వాత్స్యాయనుని కామసూత్రాలన్న పేరు వినగానే పెద్దమనుషులు ముఖం తిప్పుకొంటారు. అందులో నాలుగవ అధికరణం గృహిణి నడవడిని గురించినది. ఇంటి పెరట్లో ఆకుకూరల మడులు వేయించాలని, చెరకు, జీలకఱ్ఱ, ఆవాలు నాటించాలని, నడుమ బావి తవ్వించాలని అక్కడ ఉన్నది. ముల్లంగి, దోస, వంగ, బూడిదగుమ్మడి, సొర, కంద, వెల్లుల్లి, ఉల్లి మొదలైనవాటి గింజలు సేకరించడం, వాటిని సకాలంలో విత్తడం ఆమె పనులుగా స్పష్టంగా చెప్పబడి ఉన్నది. పదిహేడు వందల ఏండ్లకు తక్కువ కాని ఆ పట్టికను, నేటి మన పెరటి పట్టికతో పోల్చి చూడండి. మిరప, టమాటా తప్ప పెద్ద భేదం లేదు. విత్తనం దాచడం, వేళకు విత్తడం – ఈ రెండు పనులు ఇల్లాలివి అని వ్రాసి పెట్టిన ఆ రెండు పంక్తులే, మన అమ్మమ్మల చరిత్రకు దొరికిన పాత శాసనం.

ఇప్పుడు జరుగుతున్నది ఏమిటి? అంగడిలో కొన్న రంగుల పొట్లం చింపి గింజ పెడుతున్నాము. అవి చాలవరకు సంకరజాతి విత్తనాలు. కాపు బాగానే ఉంటుంది, అందులో దోషం లేదు. కాని ఆ కాయలోని గింజ మరుసటి ఏడాది పెడితే తల్లి గుణం నిలవదు. కనుక దాచే అవసరం లేదు. అవసరం లేనిది అలవాటు కాదు. అలవాటు పోయిన తరువాత ఆ విత్తనమూ ఉండదు. మనము ఒక పుస్తకం అచ్చులో లేదంటే బాధపడుతున్నాము, వెదికి టైపుచేసి నిలుపుకొంటున్నాము. ఒక ఊరి బీరవిత్తు మాయమైతే దానిని మరల టైపు చేయలేము. పుస్తకం అటకమీద యాభై ఏండ్లుంటుంది. విత్తనం కొన్ని ఏండ్లకొకసారి నేలలో పడి మొలవకపోతే చచ్చిపోతుంది. పారాయణం ఆగితే నశించే గ్రంథం అది.

నిరాశతో ముగించడం నాకు ఇష్టం లేదు, కారణమూ లేదు. మన దేశంలో 2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుహక్కుల చట్టం రైతుకు తన పంట విత్తనం దాచుకొనే, విత్తుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును గుర్తించింది. జహీరాబాదు ప్రాంతంలో డక్కన్ డెవలప్ మెంట్ సొసైటీ మహిళాసంఘాలు చిరుధాన్యాల, పప్పుల పాతవిత్తనాలను బుట్టలలో బూడిద, వేపాకు కలిపి దాచి ఇచ్చిపుచ్చుకొంటున్నాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి 2019లో ఆ సంఘాలకు వచ్చింది. నిరుపేద స్త్రీలు దాచిన గింజకు ప్రపంచం నమస్కరించిన సందర్భమది.

పెరళ్ళు తరిగిపోయి అపార్టుమెంట్లు వచ్చిన మాట నిజమే. కాని గింజకు కావలసినది ఎకరం నేల కాదు. డాబామీద ఒక పాత బకెట్టు, కాసింత మట్టి, ఒక తీగ చాలు. ఆ తీగకు కాచిన కాయలలో ఒక్కటి మాత్రం కోయకుండ వదలాలి. ఆ ఒక్క కాయను వదలగలిగే ఓర్పే మన చరిత్రకు ఆధారం.

మిత్రులారా, ఒక మనవి. ఒకే కాయను ఒకచోట సొరకాయ అంటాము, ఒకచోట ఆనపకాయ అంటాము, మరొకచోట అనిగెకాయ అంటాము. గోంగూరకు తెలంగాణలో పుంటికూర అని పేరు. మీ మీ ఊళ్ళలో పెరటి మొక్కలకు, వేసవి పనులకు, విత్తనాలు దాచే సాధనాలకు ఉన్న పేర్లు మీ అమ్మగారినో, అమ్మమ్మగారినో, నాయనమ్మగారినో అడిగి తెలుసుకొని వ్యాఖ్యలలో వ్రాయవలసినదిగా ప్రార్థన. నిఘంటువులలోనికి ఎక్కని మాటలు అందులో చాల ఉంటాయని నా నమ్మకం. అవి వచ్చిన కొద్దీ ఊరి పేరుతో సహా ఒకచోట కూర్చి మరొక టపాలో మీ ముందు ఉంచుతాను. వీలైతే పేరుతోపాటు నాలుగు గింజలు కూడ అడిగి పుచ్చుకోండి. మృగశిర ఎంతో దూరంలో లేదు.

స్వస్తి.